మీ తేలే హైడ్రోమీటర్ తప్పు చూపిస్తోందా? బోర్డు మార్చేముందు ఇవి చూడండి

ఒహాయోలో ఉంటున్న ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో బీరు చేసుకోవడం ఆయనకు అలవాటు. ఐస్పిండెల్ అనే డిజైన్ చూసి, విడిభాగాలు తెప్పించుకుని, వైఫై ఉన్న తేలే హైడ్రోమీటర్ (ద్రవం చిక్కదనం కొలిచే పరికరం) సొంతంగా కట్టుకున్నారు. మంచినీళ్ళలో 1.000 సరిగ్గానే చూపిస్తోంది. వర్ట్‌లో, అంటే ఇంకా పులియని తీపి మాల్ట్ ద్రవంలో వేస్తే మాత్రం గాజు హైడ్రోమీటర్ 1.050 అంటుంటే ఇది 1.058 అంటోంది. పులియడం మొదలయ్యాక రీడింగు మూడు నాలుగు పాయింట్లు (ఒక పాయింటు అంటే 0.001) అటూ ఇటూ గెంతుతోంది. బ్యాటరీ 12 రోజులకే అయిపోయింది. క్యాలిబ్రేషన్, అంటే చిక్కదనం ముందే తెలిసిన ద్రావణాల్లో వేసి సరిచూసుకోవడం, నాలుగు ద్రావణాలతో చేశారు: నీళ్ళు, 1.010, 1.020, 1.030. ఐదు నిమిషాలకోసారి రీడింగు పంపేలా పెట్టారు. ఫర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) పాత ఫ్రిజ్‌లో ఉంది. ఇప్పుడు ఇంకా ఖరీదైన సెన్సర్ బోర్డు కొనాలా అని ఆయన సందేహం.

కొనకండి. మీ బోర్డులో తప్పు ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. నేను తొమ్మిదేళ్ళుగా ఇంట్లో బీరు చేస్తున్నాను, ఇలాంటివి ఇప్పటికి ఆరు కట్టాను. ఆరింటిలోనూ నన్ను ఏడిపించింది ఎలక్ట్రానిక్స్ కాదు, తూకం. ఈ పరికరానికి గ్రావిటీ (నీళ్ళతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే, తను ఎంత వాలి ఉన్నానన్నది. ఆ వాలుకి అర్థం చెప్పేది మీరు చేసే క్యాలిబ్రేషన్. ఆ అర్థం రేపూ ఎల్లుండీ మారకుండా చూసేది లోపలి బరువుల అమరిక. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో మొదటిది ఇక్కడ పుట్టినదే.

ముందు అది ఎందుకు వాలుతుందో అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. ఊళ్ళో పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసే ఉంటారు. చిక్కటి పాలల్లో గాజు గొట్టం పైకి తేలుతుంది, నీళ్ళు కలిపితే కిందికి దిగుతుంది. బీరు హైడ్రోమీటర్ కూడా అదే. మొదట్లో వర్ట్‌లో చక్కెర ఎక్కువ కాబట్టి చిక్కగా ఉంటుంది. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్‌గానూ కార్బన్ డయాక్సైడ్‌గానూ మారుస్తున్నకొద్దీ పలచబడుతుంది. ఆల్కహాల్ నీళ్ళకన్నా తేలిక కూడా. 1.050 దగ్గర మొదలైంది ఏ 1.010 దగ్గరో ఆగుతుంది.

మన తేలే పరికరం కూడా ఒక గొట్టమే, కానీ దాని మీద గీతలు లేవు, అది నిటారుగా నిలబడదు కూడా. దాని మీద రెండు బలాలు పనిచేస్తున్నాయి. లోపలి బరువు ఒక చోటినుంచి కిందికి లాగుతుంది. ద్రవం, మునిగిన భాగం మధ్యనుంచి పైకి నెడుతుంది. ద్రవం చిక్కబడితే గొట్టం కొంచెం పైకి లేస్తుంది, మునిగిన భాగం తగ్గుతుంది, దాంతో నెట్టే చోటు అడుగువైపు జారుతుంది. అప్పుడు గొట్టాన్ని నిలబెట్టే పట్టు సడలి అది ఇంకాస్త పక్కకు వాలుతుంది. అంటే గ్రావిటీ ఎక్కువైతే వాలు ఎక్కువ, తగ్గితే తక్కువ. లోపలున్న ఎంపీయూ-6050 చిప్పులోని యాక్సిలరోమీటర్, భూమి ఆకర్షణ ఏ దిక్కున ఉందో చూసి ఈ వాలుని డిగ్రీల్లో చెబుతుంది. అదే చిప్పులో జైరోస్కోప్ కూడా ఉంది కానీ మనకు దాని అవసరం లేదు. తీరిగ్గా తేలే వస్తువు వాలు కొలవడానికి యాక్సిలరోమీటర్ ఒక్కటే చాలు.

ఇక మీ మొదటి సమస్య, 1.058. నా కొలతలే చెబుతాను. ఇప్పుడు వాడుతున్న గొట్టం మంచినీళ్ళలో 25.4 డిగ్రీలు, 1.040లో 46 డిగ్రీలు, 1.083లో 61 డిగ్రీలు వాలుతుంది. నీళ్ళ దగ్గర ఒక్కో గ్రావిటీ పాయింటుకి అర డిగ్రీ పైనే కదులుతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఆ కదలిక తగ్గుతూ వస్తుంది. అంటే ఇది సరళరేఖ కాదు, వంపు. మీరు 1.030 వరకే కొలిచి, ఆ వంపుని 1.050 దాకా ఊహతో సాగదీశారు. అదీ నాలుగంటే నాలుగు బిందువుల మీద మూడో ఘాతపు సమీకరణం (x³ దాకా పోయేది) వేసి ఉంటారు, చాలా క్యాలిక్యులేటర్లు అదే వేస్తాయి. నాలుగు బిందువులకు ఆ సమీకరణం సరిగ్గా అన్నిటి గుండా పోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తప్పు సున్నా అని చూపిస్తుంది. కానీ మీ కొలతలో ఒక్క బిందువు అర డిగ్రీ అటూ ఇటూ అయినా ఆ తప్పుని కూడా మింగేసి, 1.030 దాటగానే గీత ఎటో వంగిపోతుంది. ఎనిమిది పాయింట్ల తేడా రావడం వింతేమీ కాదు.

మందు ఏమిటంటే, మీరు చేసే బీరు ఎంత గ్రావిటీతో మొదలవుతుందో అంతకన్నా పై దాకా కొలవండి. నేను మూడు కిలోల నీళ్ళతో చేస్తాను. తూకం వేసి మూడు కిలోలు, కొలపాత్రతో కాదు. వెడల్పాటి లోతైన గిన్నె తీసుకోండి, గొట్టం ఎటు వాలినా అంచు తగలకూడదు. నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్, అంటే 68 ఫారన్‌హీట్ దగ్గర ఉండాలి. ముందు చక్కెర లేకుండా ఒక కొలత. తర్వాత మామూలు తెల్ల పంచదార కలుపుతూ వెళ్ళండి. నేను చెప్పే అంకెలు మొత్తం పంచదారవి, ప్రతిసారీ విడిగా కలిపేవి కావు: 77 గ్రాములకు 1.010, 158కి 1.020, 243కి 1.030, 333కి 1.040, 429కి 1.050, 529కి 1.061, 636కి 1.072, 750కి 1.083. నీళ్ళతో కలిపి తొమ్మిది కొలతలు. ఈ తొమ్మిదింటి మీద రెండో ఘాతపు సమీకరణం వేసి చూడండి. గీతకూ బిందువులకూ మధ్య ఎక్కడా ఒక పాయింటు మించి తేడా రాకపోతే అక్కడితో ఆపేయండి. వస్తే మూడో ఘాతం. నాలుగో ఘాతం జోలికి పోవద్దు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర నిదానించాలి. చాలామంది చెయ్యి జారేది ఇక్కడే. పంచదార వేసి రెండు తిప్పులు తిప్పగానే పలుకులు కనపడవు, కరిగిపోయిందనుకుంటాం. గిన్నెని కిటికీ దగ్గర పెట్టి పక్కనుంచి చూడండి. నీళ్ళలో సన్నటి తీగలు, ఎండకు కాగిన రోడ్డు మీద గాలి అల్లాడినట్టు కదులుతూ ఉంటాయి. అంటే అడుగున చిక్కగా, పైన పలచగా ఉందన్నమాట. మన గొట్టం తేలేది పైన. ఆ తీగలు పూర్తిగా మాయమయ్యేదాకా అడుగునుంచి పైకి కలుపుతూనే ఉండాలి. నాకు ఒక్కో మోతాదుకి నాలుగైదు నిమిషాలు పడుతుంది. తర్వాత గొట్టాన్ని వేలితో మెల్లగా తిప్పి వదలండి, అంటుకున్న గాలిబుడగలు రాలిపోతాయి. అది స్థిరపడ్డాక ఐదు రీడింగులు తీసి మధ్యది రాసుకోండి. సగటు వద్దు, ఒక్క పిచ్చి రీడింగు సగటుని పాడు చేస్తుంది. వీలుంటే ప్రతి ద్రావణాన్నీ గాజు హైడ్రోమీటర్‌తో కూడా చూసి ఆ అంకె పక్కన రాయండి.

అయితే ఇంత కష్టపడి చేసిన క్యాలిబ్రేషన్ ఒక్క మిల్లీమీటరుతో కొట్టుకుపోతుంది. మీరు చార్జింగ్ కోసం బ్యాటరీ బయటికి తీశానని రాశారు. అది క్యాలిబ్రేషన్ తర్వాతా, ముందా? తర్వాతైతే మీ ఎనిమిది పాయింట్లలో కొంత వాటా దానిదే. 18650 సెల్లు, అంటే లోపలి లిథియం బ్యాటరీ, 45 గ్రాములు పైనే ఉంటుంది, మీ గొట్టం మొత్తం బరువులో దాదాపు సగం అదే. అది ఒక మిల్లీమీటరు పైకి జరిగినా, కొంచెం పక్కకు తిరిగినా బరువు కేంద్రం మారుతుంది, వాలు మారుతుంది. అందుకే నేను బ్యాటరీని ఎప్పుడూ తియ్యను. టీపీ4056 చార్జర్ బోర్డు లోపలే ఉంటుంది కదా, మూత విప్పి ఆ యూఎస్‌బీ రంధ్రంలోంచే చార్జ్ చేస్తాను. లోపలి చట్రం గొట్టంలో బిగువుగా కూర్చోవాలి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాకూడదు. తీసి పెట్టేటప్పుడు ప్రతిసారీ అదే దిక్కున పెట్టేందుకు గొట్టం మీదా చట్రం మీదా ఒక గీత గీసుకోండి. వైర్లు కూడా వదులుగా ఆడకుండా కొద్దిగా జిగురు పెట్టి అణచండి. చేతనైనంత సన్నటి వైరు వాడండి.

మంచినీళ్ళలో 25 డిగ్రీలు వచ్చేలా బరువు సర్దుకోమని ఆ డిజైన్ చేసినవాళ్ళే చెబుతారు, అది మంచి మాట. మరీ నిటారుగా ఉంటే, బీరు పూర్తిగా పులిసి గ్రావిటీ నీళ్ళ కిందికి దిగినప్పుడు తేడా పట్టుకోలేదు. మరీ వాలితే, చిక్కటి వర్ట్‌లో దాదాపు పడుకుండిపోతుంది. నేను సీసం వాడను. చిన్న స్టీలు నట్లూ వాషర్లూ చట్రం అడుగున అతికించి సర్దుతాను.

ఇక బ్యాటరీ. 12 రోజులకు అయిపోయిందన్నారు, ఈ అంకె నాకు చాలా చెప్పింది. లెక్క చూడండి. మీ సెల్లు 2600 మిల్లీయాంప్ అవర్లు అనుకుందాం. 12 రోజులంటే 288 గంటలు. అంటే సగటున తొమ్మిది మిల్లీయాంపులు ఖర్చవుతున్నాయి. గొట్టంలోని వైఫై చిప్పు ఈఎస్పీ8266, వైఫై నడుపుతున్నప్పుడు దాదాపు 80 మిల్లీయాంపులు తాగుతుంది. నిద్రపోతే, ఆ చిప్పు ఉన్న వీమోస్ బోర్డు మొత్తం కలిపి 0.2 చుట్టుపక్కల. ఐదు నిమిషాలకోసారి లేచి, లేచినప్పుడల్లా 30 సెకన్లు మెలకువగా ఉంటే సగటు ఎనిమిది మిల్లీయాంపులు. నిద్ర ఖర్చూ, సెన్సర్ బోర్డు మీద వెలిగే ఎర్ర దీపం ఖర్చూ కలిపితే తొమ్మిది దాటుతుంది. సరిగ్గా మీ 12 రోజులు.

అంటే మీ గొట్టం లేచిన ప్రతిసారీ అర నిమిషం పాటు వైఫై కోసం వెతుక్కుంటోంది. ఎందుకు? ఇనుప ఫ్రిజ్ లోపల ఉంది కాబట్టి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం రేకుని దాటలేదు, నీళ్ళలో కూడా త్వరగా చచ్చిపోతుంది. తలుపు రబ్బరు సందులోంచి వచ్చినదే మీకు దక్కుతోంది. స్టీలు ఫర్మెంటర్ వాడేవాళ్ళకైతే అదీ దక్కదు. మీది ప్లాస్టిక్ ఫర్మెంటర్ అన్నారు కాబట్టి ఫ్రిజ్ ఒక్కటే అడ్డం. నేను చేసిందేమిటంటే, ఫ్రిజ్ లోపలే ఇంకో ఈఎస్పీ బోర్డుని గోడ కరెంటు మీద నడుపుతూ వైఫై రిపీటర్‌గా పెట్టాను. సన్నటి వైరు తలుపు రబ్బరు కిందనుంచి పోతుంది. గొట్టానికి స్థిరమైన ఐపీ అడ్రస్ ఇవ్వండి, రౌటర్‌ని అడిగి తెచ్చుకునే సమయం కలిసొస్తుంది. గొట్టం లోపల బోర్డుని యాంటెన్నా మూతవైపు వచ్చేలా తిప్పండి, ఆ కొస ద్రవం పైన ఉండాలి. నా గొట్టం ఇప్పుడు ఐదారు సెకన్లలో లేచి, పంపి, పడుకుంటుంది.

రెండోది, ఐదు నిమిషాల తొందర ఎందుకు? ఈస్ట్ గంటల లెక్కన పనిచేస్తుంది. 15 నిమిషాలు, అంటే 900 సెకన్లు చాలు. బీరు రీడింగులు దాచిపెట్టే బ్రూఫాదర్ లాంటి ఆన్‌లైన్ సేవలు కూడా 15 నిమిషాలకు ఒక్కటే తీసుకుంటాయి. మూడోది, సెన్సర్ బోర్డు మీది ఆ దీపాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయండి. చీకటి గొట్టంలో అది ఎవరికీ వెలుగివ్వదు, రాత్రీ పగలూ కరెంటు తాగుతుంది. మీరు రాసుకున్న ప్రోగ్రామైతే, పడుకునేముందు ఎంపీయూని కూడా నిద్రపుచ్చుతున్నారో లేదో చూడండి. జైరోస్కోప్‌తో సహా మేలుకుని ఉంటే అదొక్కటే నాలుగు మిల్లీయాంపుల దాకా తీసుకుంటుంది. ఈ మార్పులన్నీ చేస్తే సగటు ఒక మిల్లీయాంపు కిందికి వస్తుంది, మూడు నాలుగు నెలలు చార్జింగ్ మాట ఉండదు. డీప్ స్లీప్ నుంచి లేవడానికి బోర్డు మీది డీ0 కాలు (పిన్) రీసెట్ కాలికి కలిపి ఉండాలన్నది మీరు ఎటూ చేసే ఉంటారు, లేకపోతే మొదటి రీడింగు తర్వాత అది లేచేదే కాదు.

మూడో సమస్య, గెంతడం. దీనికి పూర్తి మందు లేదు. పులుస్తున్న వర్ట్ నిలకడగా ఉండదు, కింద నుంచి బుడగలు తోసుకొస్తుంటాయి. గొట్టం ఒంటికి బుడగలు అంటుకుంటే అది తేలికై, గ్రావిటీ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. పైన కట్టే నురుగు మూత మీద ఎండిపోయి కూర్చుంటే ఆ బరువుకీ వాలు మారుతుంది. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) వేసిన రోజున ఆకు ముక్కలు ఎక్కి కూర్చుంటాయి. అందుకే మొదటి మూడు రోజుల్లో ఒక్కో రీడింగుకి విలువివ్వకండి, గీత ఎటు పోతోందో చూడండి. నేను నాలుగు గంటల రీడింగుల్లో మధ్య అంకెని తీసుకుని గీస్తాను, అప్పుడు వంపు నునుపుగా వస్తుంది. గొట్టం మూత ఎంత నున్నగా ఉంటే నురుగు అంత తక్కువ పడుతుంది. గీతలు పడ్డ పాత మూతని మార్చండి.

ఉష్ణోగ్రత గురించి ఒక మాట. డీఎస్18బీ20 సెన్సర్ గొట్టం లోపల ఉంది కాబట్టి ద్రవం వేడిని ఆలస్యంగా పట్టుకుంటుంది, అరగంట దాకా వెనకబడొచ్చు. ఫ్రిజ్ ఆన్ ఆఫ్ చేయడానికి దీన్ని వాడొద్దు. ఫర్మెంటర్ పక్కకు టేపు వేసి అతికించిన సెన్సర్ వేరే ఉండాలి.

మీరు అడగలేదు కానీ నీళ్ళు చొరబడటం గురించి చెప్పక తప్పదు. నా రెండో గొట్టం మూత రబ్బరు సరిగ్గా కూర్చోలేదు. గోధుమ బీరు, ఐదు గ్యాలన్లు. నాలుగో రోజు రీడింగు మెల్లమెల్లగా కిందికి జారుతుంటే బాగా పులుస్తోందని సంబరపడ్డాను. నిజానికి గొట్టంలోకి వర్ట్ దిగి బరువెక్కుతోంది. బయటికి తీసి మూత విప్పితే లోపల తడి, బ్యాటరీ కొస దగ్గర ఆకుపచ్చగా చిలుము, పుల్లటి ఇనుము వాసన. ఆ 19 లీటర్లూ పారబోశాను. లిథియం సెల్లు తడిసిన బీరుని ఎవరికీ పొయ్యకూడదు. అప్పటినుంచీ ప్రతి బ్యాచ్ ముందూ ఒక పరీక్ష చేస్తున్నాను. బ్యాటరీని కదపకుండా చట్రాన్ని మొత్తంగా బయటికి తీసి, నట్లూ కాగితం రుమాలూ గొట్టంలో పెట్టి, మూత బిగించి, బకెట్ అడుగున ఒక రాత్రంతా ముంచి ఉంచుతాను. పొద్దున్న రుమాలు పొడిగా ఉంటేనే వాడతాను. మూత రబ్బరుకి ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాస్తాను.

శుభ్రం చేయడానికి వేడినీళ్ళు వద్దు. ఈ గొట్టాలు సీసాలు ఊదే పెట్ ప్రీఫార్మ్‌లు, 70 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడి ఆకారం మారుతుంది, దాంతో క్యాలిబ్రేషనూ పోతుంది. స్టార్ శాన్ లాంటి ఆమ్ల ద్రావణంలో రెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. సెల్లుని మూడు వోల్టుల కిందికి దిగనివ్వకండి, చార్జర్ బోర్డు రక్షణ సర్క్యూట్ ఉన్నదే కొనండి. సెల్లు మీద నేరుగా సోల్డర్ చేయకండి, కొసలకు రేకులు అతికించి ఉన్న సెల్లో, హోల్డరో వాడండి.

హైదరాబాద్ నుంచి ఇంకొకరు ఇది ఇంటి దగ్గర చేసుకోవచ్చా అని అడిగారు. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం వల్ల పెద్దవాళ్ళు సొంతానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే ఇంటికి 200 గ్యాలన్ల దాకా బీరు చేసుకోవచ్చు. తెలంగాణ, ఆంధ్రలో ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో చేయడం నేరం. పరికరం కట్టడానికి, పంచదార నీళ్ళలో క్యాలిబ్రేట్ చేయడానికి అడ్డేమీ లేదు, నేర్చుకోవాలనుకుంటే అక్కడిదాకా చేయండి.

చివరగా, ఎంత బాగా కుదిరినా బీరు సీసాల్లో నింపేముందు గాజు హైడ్రోమీటర్‌తో ఒకసారి చూసి తీరండి. ఇంకా చక్కెర మిగిలి ఉండగా నింపితే సీసాలు పేలతాయి. మొదటి గ్రావిటీ, చివరి గ్రావిటీ రెండూ గాజుతోనే తీసుకోండి. వాటి తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఉదాహరణకు 1.052 నుంచి 1.012 అయితే 5.25. మధ్యలో ఏం జరుగుతోందో, ఈస్ట్ ఎప్పుడు ఊపందుకుందో, ఎప్పుడు ఆగిపోయిందో మూత తెరవకుండా చెప్పడమే ఈ గొట్టం పని. ఆ పని అది చాలా బాగా చేస్తుంది.

ఈ వారాంతం చట్రం బిగించి, దీపం తీసేసి, తొమ్మిది ద్రావణాల కొలతలు తీయండి. ఆ కోణాలూ, గాజు రీడింగులూ ఇక్కడ పెట్టండి. సమీకరణం నేను కూడా వేసి చూస్తాను, ఎక్కడైనా బిందువు గీత తప్పితే ఏ ద్రావణం మళ్ళీ కలపాలో చెబుతాను.